ఉద్యానానికి పేరైన పల్నాటి రైతుబిడ్డ

జూబ్లీహిల్స్: తెలతెలవారుతుండగానే కేబీఆర్ పార్కు నడకదారులు జనంతో నిండిపోతాయి. ఫిల్మ్‌నగర్ వాసులు, ఉద్యోగులు, వయోవృద్ధులు నిత్యం పలికే ఆ మూడక్షరాల వెనుక ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి జీవితం మాత్రం నేటి తరంలో చాలామందికి తెలియదు.

ఆయన 1909 జులై 28న నాటి గుంటూరు జిల్లా నరసరావుపేట ప్రాంతంలో, వ్యవసాయ కుటుంబంలో జన్మించారు. మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చదివి, న్యాయశాస్త్రం అభ్యసించారు. టంగుటూరి ప్రకాశం పంతులు ప్రభావంతో స్వాతంత్ర్యోద్యమంలోకి వచ్చారు. 1946లో మద్రాసు శాసనసభకు ఎన్నికయ్యారు.

1964 ఫిబ్రవరి 29న ముఖ్యమంత్రి పదవి చేపట్టి ఏడున్నరేళ్లకు పైగా కొనసాగారు. అప్పటివరకు రాష్ట్రంలో అంతకాలం ఆ పీఠంపై ఉన్నవారు లేరు. చలనచిత్రాలకు నంది పురస్కారాలు 1964లోనే మొదలయ్యాయి. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడుదలైంది. కుడి కాలువ ఆయన పుట్టిన మెట్టప్రాంతాన్ని తడిపితే, ఎడమ కాలువ నల్గొండ, ఖమ్మం పొలాలకు చేరింది.

అయితే ఆ పాలనకు మరో ముఖం ఉంది. 1966లో విశాఖ ఉక్కు ఉద్యమం, 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఆయన హయాంలోనే ఉవ్వెత్తున లేచాయి. ముల్కీ నిబంధనలు, రక్షణల అమలు కోరుతూ రోడ్డెక్కిన విద్యార్థులు పోలీసు కాల్పుల్లో నేలకొరిగారు. ఆ గాయం తెలంగాణ మరువలేదు. 1971 సెప్టెంబరులో ఆయన పదవి వీడగా, తెలంగాణకు చెందిన పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యారు.

అనంతరం కేంద్రంలో హోంమంత్రిగా పనిచేశారు. 1977లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. మరుసటి ఏడాది పార్టీ చీలినప్పుడు ఇందిరాగాంధీకి ఎదురు నిలిచారు. రాష్ట్ర శాసనసభ ఎన్నికల్లో ఆయన పక్షం చిత్తుగా ఓడింది. తిరిగి ఇందిర గూటికే చేరి, 1980లో నరసరావుపేట నుంచి లోక్‌సభకు గెలిచారు. 1988 నుంచి 1990 వరకు మహారాష్ట్ర గవర్నరుగా ఉన్నారు. 1994 మే 20న కన్నుమూశారు.

1998లో జూబ్లీహిల్స్‌లోని సుమారు 390 ఎకరాల అడవిని జాతీయ ఉద్యానంగా ప్రకటించి ఆయన పేరు పెట్టారు. తనపై ఉద్యమం సాగిన నగరంలోనే, 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాతా ఆ పేరు నిలిచింది. సాగునీటి మేలును, కాల్పుల చేదును కలిపి గుర్తుంచుకున్నప్పుడే ఆ పేరును పూర్తిగా తెలుసుకున్నట్లు.