క్లౌ దొరగారు లోబడిన విధము

ధ్యాన భాగము: 1 కొరింథీ 1:26–29

ఒంగోలు ప్రాంతపు సంఘములలో క్లౌ దొరగారి పేరు ఎరుగని ఇల్లు లేదు. 1878వ సంవత్సరము జూలై 3వ తేదీన గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతిని మన పెద్దలు మనకు చెప్పిరి, మనము మన పిల్లలకు చెప్పుచున్నాము. ఆ సంఖ్యను చెప్పుకొనుట మనకు గర్వము. అయితే ఆ దినమునకు ముందు ఆయన ఏయే సంగతులలో తన చిత్తమును చంపుకొని దేవుని అధికారమునకు తల వంచెనో మనము అంతగా చెప్పుకొనము. ఈ నెల ఆ భాగమునే ధ్యానింతము.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836లో అమెరికా దేశమున న్యూయార్కు రాష్ట్రములో పుట్టిరి. యౌవనమున భూములు కొలుచు సర్వేయరుగా పనిచేసిరి. న్యాయవాది కావలెనని ఆయన కోరిక. స్వభావము చేతనే గట్టివాడు. ఇతరులను నడిపించువాడేగాని ఇతరుల చేత నడిపింపబడువాడు కాడు. అటువంటివానిని ప్రభువు పట్టుకొనెను. 1864 నవంబరులో ఆయన భార్యతోను, జూయెట్ దొరగారితోను ఓడ ఎక్కి, మరుసటి యేట మద్రాసులో దిగి నెల్లూరు చేరిరి. 1866లో ఒంగోలు వచ్చి స్థిరపడిరి.

ఆ సంవత్సరముననే తాళ్లకొండపాడు నుండి యెర్రగుంట్ల పేరయ్యగారు తన భార్యతో వచ్చి బాప్తిస్మము పొందిరి. ఈయన మాదిగవాడు, తోళ్ల వ్యాపారి, ఎంతకాలమో దేవుని వెదకినవాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. అదే నెలలో దొరగారు తాళ్లకొండపాడు వెళ్లగా, అక్కడ 28 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ తొలి కాలముననే ఆయనకు పరీక్ష వచ్చెను. ఒంగోలులోని బ్రాహ్మణ పెద్దలు తమ పిల్లలకు బడి కావలెనని ఆయనను అడిగియుండిరి. ఖర్చులో పాలు పంచుకొనుటకును ఒప్పుకొనిరి. బడి సాగుచుండెను. గొప్పవారు మొదట నమ్మినయెడల తక్కినవారు తామే వచ్చెదరని ఆ కాలపు మిషనరీలలో అనేకుల తలంపు. దొరగారికిని అట్టి ఆశ లేకపోలేదు. ఇంతలో మాదిగలను సంఘములో చేర్చుకొనుచున్నాడను వార్త ఆ పెద్దలకు తెలిసెను. వీరిని చేర్చుకొన్నయెడల మా పిల్లలను పంపము అని వారు వచ్చి చెప్పిరి. వారు మర్యాదస్థులే, ఊరిలో ఆయనకున్న గౌరవమంతయు వారివలన కలిగినదే.

దొరగారు ఒక గదిలో మోకరించిరి, దొరసానిగారు వేరొక గదిలో మోకరించిరి. ఒకరి సంగతి ఒకరికి తెలియకయే ఇద్దరును కొరింథీ పత్రిక మొదటి అధ్యాయములో, పైన చూపిన వచనముల యొద్దనే బైబిలు తెరచిరి. బయటికి వచ్చి మాటలాడుకొన్నప్పుడు ఇద్దరికిని దొరికిన జవాబు ఒకటే. లోకము నీచముగా ఎంచినవారిని దేవుడు ఏర్పరచుకొనెనని వ్రాయబడియున్నది గదా, ఇక ఆలోచన ఏమున్నది? మాదిగ విశ్వాసులను చేర్చుకొనిరి. పిల్లలు బడి విడిచి వెళ్లిరి.

ఇక్కడ ఒక మాట. ఈ సంగతి విని కొందరు ఏ చిక్కు వచ్చినను కన్నులు మూసికొని బైబిలు తెరచి వ్రేలు పెట్టుచున్నారు. అది లోబడుట కాదు, సోది అడుగుట వంటిది. దొరగారు వాక్యమును ప్రతిదినము చదివినవారు గనుకనే వాక్యము పలికినప్పుడు గుర్తించిరి. కష్టమైన భాగము ఆ తరువాతిదే. నష్టము కండ్లయెదుట కనబడుచుండగా ఆ మాట ప్రకారము చేయుట. పెద్ద చందా ఇచ్చు ఇంటివారు ముఖము ముడుచుకొందురని ఎన్ని ఆదివారములు మేము చెప్పవలసిన మాటను మింగితిమో, మా మనస్సాక్షికి తెలియును.

లోబడవలసినది దొరగారు మాత్రమే కాదు. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు అని ఆ విశ్వాసులకు బోధింపబడెను. వినుటకు చిన్న సంగతులే. అయితే మాదిగపల్లెలో బ్రదుకు ఊరి ఆసాములమీద ఆధారపడినది. జాతరలో డప్పు కొట్టనంటే కోపము. ఆదివారము మోట తోలనంటే కూలి పోవును, దెబ్బలు పడును. వ్రాయను చదువను రాని ఆ స్త్రీపురుషులు ఆదివారము ఉదయమున ఆసాముల యెదుట చేతులు కట్టుకొని నిలువబడి, రేపు రెండింతలు చేసెదము, ఈ దినము రాలేము అని చెప్పుటను తలంచుకొనుడి. వారి లోబడుట ఏడు దినములకొకసారి వచ్చి తలుపు తట్టుచుండెను.

తరువాత 1876 మొదలు 1878 వరకు గొప్ప కరవు. దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును కంట్రాక్టుకు తీసికొని, ఆకలిగొన్నవారికి పని కల్పించిరి. యౌవనమున నేర్చిన సర్వేయరు పని ఇప్పుడు అక్కరకు వచ్చెను. బోధకులే పని చూచువారైరి. పగలు మట్టి మోసినవారు విశ్రమించునప్పుడు వారితో సువార్త చెప్పిరి. పాళెములో కలరా వచ్చెను, అనేకులు చనిపోయిరి, అయినను పని సాగెను.

జనులు బాప్తిస్మము అడిగిరి. దొరగారు ఇయ్యలేదు. ఒక నెల కాదు, రెండు నెలలు కాదు, సుమారు పదిహేను నెలలు ఒక్కరికిని ఇయ్యలేదు. అన్నముకొరకు వచ్చినవారిని క్రీస్తుకొరకు వచ్చినవారిగా లెక్కింపకూడదని ఆయన భయము. ఏ మిషనరీకైనను సంఖ్య తీపి. ఆయన పేరు స్వదేశమున మారుమ్రోగుటకు అదియే సమయము. ఆయన చేతులు కట్టుకొని కూర్చుండిరి. మా దృష్టికి ఆయన జీవితములో ఇంతకంటె గొప్ప లోబడుట లేదు.

1878 జూన్ నాటికి కాలువ కూలి ముగిసెను. ఇక ఇచ్చుటకు ధనము లేదు, ఇండ్లకు పొండి అని ఆయన చెప్పగా, ధనము అడుగుటకు మేము రాలేదు, బాప్తిస్మము ఇయ్యుడి అని వారు నిలిచిరి. అప్పుడు ఆయనకు ఇక అడ్డగించు అధికారము లేదని తెలిసెను. ఆపుమన్న ప్రభువే ఇప్పుడు ఇమ్మనుచున్నాడని గ్రహించిరి. బోధకులు తమ తమ పల్లెలవారిని ఒక్కొక్కరిని పరిశీలించి పేర్లు వ్రాసిరి. వెల్లంపల్లి రేవున మూడు దినములలో 3,536 మంది నీటిలో దిగిరి.

ఆ రెండవ దినమున, ఆ 2,222 మందిలో ఒక్కరికైనను దొరగారు తమ చేతితో బాప్తిస్మము ఇయ్యలేదు. అభిషేకము పొందిన ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనుచు నీటిలో నిలిచిరి. ఎవరి జాతిని చేర్చుకొన్నందుకు బడి మూతబడెనో ఆ జాతివారే వేలమందిగా గట్టున కూర్చుండి పేరు పిలువగానే లేచి వచ్చుచుండగా, అందరిని నడిపించుటకు అలవాటుపడిన ఆ దొరగారు ఒడ్డున నిలువబడి చూచుచుండిరి.