రాతి పగుళ్ళ మర్మం తెలిపిన హబ్బర్ట్

భూగర్భ జల శాఖలో ఉద్యోగం చేసిన రోజుల్లో, గట్టి రాతిలో నీరు పగుళ్ళలోనే దొరుకుతుందని బోరుబావుల దగ్గర తెలుసుకున్నాను. ఆ పగుళ్ళ శాస్త్రానికి పునాది వేసిన వారిలో డాక్టర్ ఎం. కింగ్ హబ్బర్ట్ ఒకరు.

ఆయన 1903లో అమెరికాలోని టెక్సాస్‌లో జన్మించారు. చికాగో విశ్వవిద్యాలయంలో చదివి, కొలంబియాలో పాఠాలు చెప్పారు. 1940లో భూగర్భ జలాల చలనంపై ప్రసిద్ధ వ్యాసం వెలువరించి, 1943లో షెల్ చమురు కంపెనీలో చేరారు.

చమురు బావిలోకి ఒత్తిడితో ద్రవం పంపితే రాయి అడ్డంగా చీలుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. హబ్బర్ట్, విల్లిస్ గారలు జెలటిన్ ముద్దను పక్కల నుండి నొక్కి, ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ద్రావణం ఎక్కించి చూశారు. ఒత్తిడి తక్కువగా ఉన్న దిశకు లంబంగా చీలిక వచ్చింది. లోతున చీలికలు సాధారణంగా నిలువుగానే వస్తాయని 1957లో ప్రకటించారు.

అమెరికా చమురు ఉత్పత్తి 1965-70 నడుమ శిఖరం చేరి తగ్గుతుందని 1956లో ఆయన చెబితే చాలామంది ఒప్పుకోలేదు. 1970 తర్వాత అలాగే తగ్గింది. అయితే రాతిని చీల్చి తీసిన షేల్ చమురు వల్ల 2018లో ఆ రికార్డు చెదిరిపోయింది. ఆయన వివరించిన విద్యే ఆయన అంచనాను దాటించింది!

1964లో షెల్ నుండి రిటైరయ్యాక, 1976 వరకు అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేశారు. 1989లో కన్నుమూశారు. పెన్షను పుచ్చుకుంటూ కూర్చున్న నాకు ఆ 12 ఏళ్ళే ఎక్కువ గుర్తుకొస్తాయి.