ఉమ్మడి ఇంటి పెద్దరికం – గాంధీజీ నేర్చుకున్న పాఠాలు



మహాత్మాగాంధీ గురించి మనం చదవనిది లేదు, విననిది లేదు. ఉప్పు సత్యాగ్రహం, క్విట్ ఇండియా మనకు కంఠతా వచ్చు. అయితే ఆయన జీవితంలో అంతగా చెప్పుకోని భాగం ఒకటుంది. వేరు వేరు కులాల, మతాల, భాషల వారిని ఒకే కప్పు కింద చేర్చి, ఒకే పొయ్యి మీద వండి పెట్టి, ఆ ఉమ్మడి ఇంటిని నడపడం ఆయన ఎలా నేర్చుకున్నారన్నదే ఆ భాగం. పిల్లలు దూరదేశాల్లో స్థిరపడగా, మన పెన్షనర్లలో పలువురు నలుగురితో కలిసి ఉండే వసతి గురించి ఆలోచిస్తున్న ఈ రోజుల్లో ఇది తెలుసుకోదగిన విషయం.

మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ 1869 అక్టోబరు 2న పోరుబందరులో జన్మించారు. బారిస్టరు పరీక్ష ప్యాసై, 1893లో దక్షిణాఫ్రికా వెళ్ళారు. డర్బన్‌లో ఆయన ఇంట్లో ఆఫీసు గుమాస్తాలు కూడా ఉండేవారు. గదుల నుండి నీరు పోయే దారి లేనందున రాత్రిపూట మూత్రపు కుండలు పెట్టుకునేవారు. కొత్తగా వచ్చినవారి కుండలు గాంధీ దంపతులే కడిగేవారు. 1898 ప్రాంతంలో పంచమ కుటుంబంలో పుట్టిన ఒక క్రైస్తవ గుమాస్తా వచ్చి చేరాడు. అతని కుండ ఎత్తవలసి వచ్చినప్పుడు కస్తూర్బా కన్నీళ్ళు పెట్టుకున్నారు. పని చేస్తే చాలదు, నవ్వుతూ చెయ్యాలని భర్తగారి పట్టుదల. మాటా మాటా పెరిగి, ఆయన ఆమె చెయ్యి పట్టుకుని గేటు దాకా ఈడ్చుకు వెళ్ళారు. పరాయి దేశంలో తనకు దిక్కెవరని ఆ తల్లి నిలదీసిన తరువాత గాని ఆయన సిగ్గుపడి గేటు మూయలేదు. ఈ సంగతి లోకానికి చెప్పినది స్వయంగా ఆయనే. సేవను హుకుం మీద చేయించలేమన్నది మొదటి పాఠం.

1904లో డర్బన్ సమీపాన వంద ఎకరాలు కొని ఫీనిక్స్ ఆశ్రమం స్థాపించారు. అక్కడ అచ్చాఫీసులో పనిచేసే వారికి జాతి భేదం లేకుండా నెలకు మూడు పౌనుల జీతం, సాగుకు కొంత భూమి ఏర్పాటు చేశారు. కాని వకీలు పని కోసం తాను జొహానెస్‌బర్గు వెళ్ళిపోవలసి వచ్చింది. అక్కడ స్థిరంగా ఉండలేకపోయానన్న విచారం ఆయనకు మిగిలింది.

అసలు శిక్షణ టాల్‌స్టాయ్ ఫారంలో జరిగింది. సత్యాగ్రహంలో జైలుకు వెళ్ళినవారి కుటుంబాలకు నెలనెలా డబ్బు పంచుతూ ఉండగా నిధి తరిగిపోసాగింది. అందరూ ఒక చోట ఉంటే ఖర్చు కలిసివస్తుందని, 1910లో కాలెన్‌బాక్ అనే జర్మన్ మిత్రుడు జొహానెస్‌బర్గుకు 21 మైళ్ళ దూరాన తన 1,100 ఎకరాల తోటను అద్దె లేకుండా ఇచ్చారు. గుజరాతీలు, తమిళులు, ఉత్తరాది వారితో పాటు మన ఆంధ్రులూ అక్కడ ఉన్నారు. హిందువులు, ముస్లిములు, పార్సీలు, క్రైస్తవులు కలిసి ఉన్నారు.

నౌకర్లు లేరు. వంట ఒకటే, పంక్తి ఒకటే. ఎవరి గిన్నె వారే కడుక్కోవాలి. పెద్ద పాత్రలు తోమడానికి వంతులుండేవి. సొంత పని మీద పట్నం వెళ్ళేవారు నడిచి వెళ్ళాలి. ఫారం పని మీద అయితేనే రైలు, అదీ మూడవ తరగతి. పాయిఖానా మట్టిని గుంటల్లో పూడ్చి ఎరువు చేసేవారు. అంతమంది ఉన్నా ఎక్కడా చెత్త కనిపించేది కాదు.

మాంసాహారం మాటేమిటన్న చిక్కు వచ్చింది. ఆయన శాకాహారి అయినా, క్రైస్తవ, ముస్లిం సోదరీమణులు కోరితే మాంసం ఏర్పాటు చెయ్యడానికే సిద్ధపడ్డారు. ముందుగా విషయం వారి ఎదుట దాపరికం లేకుండా పెట్టారు. శాకాహారానికి వారే ఒప్పుకున్నారు. రంజాను రోజుల్లో ముస్లిం బాలురకు తోడుగా ఇతర మతాల పిల్లలు కూడా ఉపవాసాలున్నారు. డర్బన్ గేటు దగ్గరి పెద్దమనిషికీ, ఈ పెద్దమనిషికీ ఎంత తేడా!

పెద్దలు చెయ్యని పని పిల్లలకు చెప్పరాదన్నది అక్కడి నియమం. అందుచేత గాంధీజీ కూడా చెప్పులు కుట్టడం నేర్చుకున్నారు, పిల్లలతో కలిసి మట్టి పని చేశారు. ఒకసారి మాట వినని కుర్రవాణ్ణి రూళ్ళకర్రతో కొట్టారు. కొడుతూ తానే వణికిపోయారు. ఆ దెబ్బకు చాలాకాలం పశ్చాత్తాపపడ్డారు.

స్వదేశానికి వచ్చాక 1915 మే 25న అహమ్మదాబాదు దగ్గర కొచ్రబ్‌లో ఆశ్రమం తెరిచారు. కొద్ది నెలలకే దూదాభాయి అనే అస్పృశ్య ఉపాధ్యాయుడు భార్యాబిడ్డలతో వచ్చి చేరారు. బావి దగ్గర తిట్లు మొదలయ్యాయి. విరాళాలు ఆగిపోయాయి. ఇంట్లో కస్తూర్బాకే మనసొప్పలేదు. వచ్చే నెలకు పైసా లేదని మగన్‌లాల్ లెక్క చూపించారు. అవసరమైతే అందరం అస్పృశ్యుల వాడకు మారి, కూలి చేసుకుని బతుకుదామని గాంధీజీ నిశ్చయించారు. అంతలో ఒక షావుకారు కారులో వచ్చి, పేరు చెప్పుకోకుండా 13,000 రూపాయలు చేతికిచ్చి వెళ్ళారు. తిట్టినవారిని తిరిగి తిట్టవద్దని దూదాభాయికి నచ్చజెప్పారు గాని, ఆ కుటుంబాన్ని మాత్రం వదులుకోలేదు. తరువాత వారి కుమార్తె లక్ష్మిని సొంత బిడ్డగా చూసుకున్నారు.

1917లో ఆశ్రమం సబర్మతి తీరానికి మారింది. 1930 మార్చి 12న 78 మంది అనుచరులతో దండికి బయలుదేరినది అక్కడి నుండే. పంక్తిలో కూర్చుని, పాత్రలు తోమి, వంతులు పాటించినవారే అన్ని మైళ్ళు క్రమశిక్షణతో నడవగలిగారు. 1936లో వార్ధా దగ్గర సేగాంలో స్థిరపడ్డారు. అదే తరువాత సేవాగ్రాం అయింది. 1948 జనవరి 30న అమరులయ్యారు.

సోదర సోదరీమణులారా! కలిసి ఉండడానికి భవనం, నిధి అవసరమే. కాని పెద్దగా ఉండేవారు చీపురు ముందుగా తాము పట్టుకోవాలి. లెక్క అందరికీ చూపాలి. చిక్కు వస్తే అందరినీ కూర్చోబెట్టి అడగాలి. అందరికంటే బలహీనుణ్ణి బయటికి పంపి ఇంటిని నిలుపుకోవాలని చూడరాదు. ఈ నాలుగూ గాంధీజీ పుట్టుకతో తెచ్చుకున్నవి కావు. ముప్పయ్యో ఏట తెలియనివి నలభయ్యో ఏటికి నేర్చుకున్నారు. డెబ్బయ్యో ఏట మనం మాత్రం ఎందుకు నేర్చుకోలేము?