రాలిన కణాల్లో జబ్బును చదివిన డాక్టర్

చర్మం, నోరు, పేగులు, గర్భాశయం.. అన్నింటినీ కప్పి ఉంచే పొర ఎపిథీలియం. కాపాడటం, పోషకాలను పీల్చుకోవడం, స్రావాలను ఊరించడం.. చోటును బట్టి దాని పని మారుతుంది. దీన్నుంచి కణాలు నిత్యం రాలుతుంటాయి. ఆ కణాలనే జబ్బుకు ఆనవాళ్లుగా చదివారు డాక్టర్ జార్జి పాపనికొలావ్.

1883లో గ్రీస్‌లో పుట్టిన ఆయన, 1913లో భార్య ఆండ్రోమకితో న్యూయార్క్ చేరారు. బతుకుతెరువు కోసం తొలుత ఆయన తివాచీలు అమ్మారు, ఆమె గుండీలు కుట్టారు. తర్వాత కార్నెల్ వైద్య కళాశాలలో పరిశోధనకు దిగారు. ఏళ్ల తరబడి పరీక్షకు తన కణాలనే ఇచ్చారు ఆండ్రోమకి.

గర్భాశయ ముఖద్వారం వెలుపల వరుసలుగా పేర్చినట్టు చదునైన కణాలుంటాయి, లోపల స్తంభాల్లాంటివి. ఈ రెండూ కలిసే చోటే క్యాన్సర్ ఎక్కువగా మొదలవుతుంది. రాలిన కణాల్లో దాన్ని గుర్తించవచ్చని 1928లో ఆయన చెబితే తోటి వైద్యులు పట్టించుకోలేదు. 1941లో హెర్బర్ట్ ట్రాట్‌తో కలిసి ఫలితాలు ప్రచురించాకే నమ్మకం కుదిరింది.

1962లో ఆయన కన్నుమూశారు. క్యాన్సర్‌గా మారకముందే కణాల్లో తేడాను పట్టిచ్చే పాప్ స్మియర్‌లో ఆయన పేరు నిలిచింది. కొద్ది నిమిషాల పరీక్ష ఇది. బాధలేమీ లేకపోయినా ఎప్పుడు చేయించుకోవాలో ఇంట్లోని ఆడవాళ్లు డాక్టర్‌ని అడగటం మేలు.