ఓటొక్కటే చాలదని అంబేడ్కర్ ఎందుకన్నారు?

పూనా ఒడంబడిక గురించి మనలో తెలియనివాళ్లు ఉండరు. 1932 సెప్టెంబర్ 24న, గాంధీ నిరాహార దీక్ష నీడలో ఎరవాడ జైల్లో కుదిరిన ఆ ఒప్పందం మీద ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నాం. సరిగ్గా పన్నెండు రోజుల తర్వాత, అక్టోబర్ 6న, బొంబాయి శాసనమండలిలో అంబేడ్కర్ లేచి మాట్లాడిన సంగతి మాత్రం పెద్దగా చర్చకు రాదు. ఆ రోజు సభ ముందున్నది గ్రామ పంచాయతీల బిల్లు. ఊళ్లో వయోజనులందరికీ ఓటు ఉంటే చాలదా అన్న వాదనను ఆయన ఒప్పుకోలేదు. చాలదన్నారు.

అప్పటికి పదమూడేళ్లుగా ఓటుహక్కు కోసం కొట్లాడుతున్న మనిషి ఆ మాట అనడం వింతగానే ఉంటుంది. ఎందుకన్నారో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1919 జనవరి 27న ఓటుహక్కు విషయాలు చూస్తున్న సౌత్‌బరో కమిటీ ముందు అంబేడ్కర్ సాక్ష్యం చెప్పారు. వయసు 27 ఏళ్లు. సిడెనహాం కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నారు. అప్పట్లో ఆస్తి, పన్ను లెక్క చూసి ఓటు ఇచ్చేవాళ్లు. భూమి కొననివ్వని, వ్యాపారం చేసుకోనివ్వని మనుషుల దగ్గరికి వచ్చి ఆస్తి ఉంటేనే ఓటు అనడమేమిటన్నది ఆయన ప్రశ్న. అంటరాని కులాలకు ఆ అర్హత తగ్గించాలని, వాళ్ల ప్రతినిధులను వాళ్లే ఎన్నుకోవాలని అడిగారు. చదువొచ్చాక ఓటిద్దాం అనేవాళ్లకు కూడా జవాబిచ్చారు: ఓటు వేయడమే ఒక చదువు. చివరికి దక్కింది ప్రభుత్వం నామినేట్ చేసే ఒకటి రెండు సీట్లు. 1927లో ఆయనే అలా నామినేటెడ్ సభ్యుడిగా మండలిలోకి వెళ్లారు. నామినేట్ అయినవాడు తనను కూర్చోబెట్టిన ప్రభుత్వానికి ఎదురు చెప్పలేడని ఆ తర్వాత ఏడాదే సైమన్ కమిషన్‌కు ఇచ్చిన నివేదికలో రాశారు. తాను కూర్చున్న కుర్చీ గురించే రాశారన్నమాట. అదే నివేదికలో వయోజనులందరికీ ఓటు, దానితోపాటు రిజర్వుడు సీట్లు అడిగారు.

మహాడ్ చెరువు కథను మనం నీళ్ల పోరాటంగానే చెప్పుకుంటాం. స్థానిక పాలన కథగా కూడా చదవాలని నా అభిప్రాయం. ప్రభుత్వ చెరువులు, బావులు, బడులు అంటరాని కులాలకు తెరవాలని బొంబాయి శాసనమండలి 1923లో తీర్మానం చేసింది. 1924లో మహాడ్ మునిసిపాలిటీ తన చెరువును అందరికీ తెరుస్తున్నట్టు తీర్మానించింది. కాగితం మీద అంతా సవ్యంగానే ఉంది. మూడేళ్లు గడిచినా ఒక్క దళితుడు ఆ నీళ్లు ముట్టుకోలేకపోయాడు. 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్లి దోసిలితో తాగితే దాడులు జరిగాయి. ఆగస్టులో అదే మునిసిపాలిటీ తన తీర్మానాన్ని తానే రద్దు చేసుకుంది. చెరువు మీద హక్కు బొంబాయి హైకోర్టులో తేలడానికి 1937 దాకా పట్టింది. చేతులెత్తి ఇచ్చిన హక్కును చేతులెత్తే వెనక్కి తీసుకోవచ్చని మహాడ్ చూపించింది.

ఈ అనుభవంతోనే ఆయన పంచాయతీ బిల్లు మీద మాట్లాడారు. మన ఊళ్ల లెక్కలో చెప్పుకుంటే, రెండు వందల గడపల ఊళ్లో వాడ ఇరవై గడపలు ఉంటుంది. అందరికీ ఓటున్నా ఆ ఇరవై గడపల ఓట్లతో ఎవరూ గెలవరు. రాష్ట్రం మొత్తంలో లక్షలుగా ఉన్న జనం ఊరి దాకా వచ్చేసరికి గుప్పెడే. అందుకే పంచాయతీలో అంటరాని కులాలకు ప్రత్యేకంగా సీట్లు ఉండాల్సిందేనని పట్టుబట్టారు. పంచాయతీలకు తగవులు తీర్చే న్యాయాధికారం ఇవ్వడాన్నీ వ్యతిరేకించారు. కులాలుగా చీలిన ఊళ్లో, ఎవరి పొలంలో కూలి చేస్తామో వాళ్లే తీర్పరులైతే వాడకు దక్కే న్యాయమేమిటి? ప్రాచీన గ్రామ గణతంత్రాల గొప్పల మీదా ఆయనకు నమ్మకం లేదు. పూనా ఒడంబడికలోనే స్థానిక సంస్థల్లో దళితులకు తగిన ప్రాతినిధ్యం వచ్చేలా ప్రయత్నం చేయాలన్న షరతు ఉంది. సిరా ఆరకముందే ఆ షరతు పరీక్షకు వచ్చిందన్నమాట.

ఓట్లను ఎలా లెక్కిస్తారన్నది కూడా ఆయనకు చిన్న విషయం కాదు. ఒడంబడిక ప్రకారం రిజర్వుడు సీటుకు ముందు దళిత ఓటర్లు మాత్రమే నలుగురిని ఎంచుకోవాలి. తర్వాత అందరూ కలిసి వాళ్లలో ఒకరిని గెలిపించాలి. దళితులు వెనక్కి నెట్టినవాళ్లు కూడా తుది పోరులో సవర్ణుల ఓట్లతో ఎలా గెలిచిందీ ఆయన 1945లో కాంగ్రెస్, గాంధీల మీద రాసిన పుస్తకంలో లెక్కలతో చూపించారు. 1937 బొంబాయి ఎన్నికల్లో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ఒకటికి మించి సీట్లున్న నియోజకవర్గంలో ఓటరు తన ఓట్లన్నీ ఒకే అభ్యర్థికి గుమ్మరించవచ్చు. తక్కువమంది ఉన్నచోట ఇదే ఆయుధం. ఆయన పెట్టిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ నిలబెట్టినవాళ్లలో ఎక్కువమంది గెలిచారు. ఆయన మీద కాంగ్రెస్ నిలబెట్టింది పల్వంకర్ బాలూను. పేరున్న దళిత క్రికెటర్. దళితుడి మీద దళితుణ్ణే దింపే ఎత్తు నిన్నమొన్నటిది కాదు. బాలూ ఓడిపోయారు.

1946లో కథ తిరగబడింది. ఆయన పెట్టిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ ఘోరంగా దెబ్బతింది. రాజ్యాంగ సభకు బొంబాయి నుంచి దారి మూసుకుపోతే జోగేంద్రనాథ్ మండల్ తోడ్పాటుతో బెంగాల్ నుంచి వెళ్లారు. దేశ విభజనతో ఆ సీటూ పోయాక, 1947లో కాంగ్రెస్ మద్దతుతో బొంబాయి నుంచి మళ్లీ ఎన్నికయ్యారు.

రాజ్యాంగంలో వయోజన ఓటుహక్కు వచ్చింది. ఓటర్ల జాబితాల గురించి ఈ రోజుల్లో ఆందోళన పడేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన తేదీ 1949 జూన్ 15. దేశమంతటికీ ఒకే ఎన్నికల సంఘం ఉండాలని ఆ రోజు సభలో ప్రతిపాదించింది అంబేడ్కరే. కొన్ని రాష్ట్రాల్లో భాష, జాతి వేరన్న కారణంతో మనుషులను జాబితాకు ఎక్కనివ్వడం లేదన్న ఫిర్యాదులు అందడమే దానికి కారణం. పంచాయతీల విషయంలో మాత్రం ఆయన మాట సాగలేదు. 1948 నవంబర్ 4న ముసాయిదాను సభ ముందుంచుతూ, గ్రామం కాకుండా వ్యక్తే మన రాజ్యాంగానికి ఆధారమని చెప్పి చాలామంది సభ్యులకు కోపం తెప్పించారు. అదే నెలలో కె.సంతానం తెచ్చిన సవరణతో పంచాయతీల గురించిన 40వ అధికరణం చేరింది. అంబేడ్కర్ ఒప్పుకున్నారు. ఆ అధికరణంలో దళితుల సీట్ల ఊసు లేదు. పార్లమెంటుకు, అసెంబ్లీలకు రిజర్వేషన్ వచ్చింది, ఊరికి రాలేదు.

1952 జనవరిలో ఉత్తర బొంబాయి నుంచి లోక్‌సభకు పోటీ చేశారు. అది రెండు సీట్ల నియోజకవర్గం. ఓటరుకు రెండు ఓట్లు. ఈసారి రెండూ ఒకరికే వేస్తే ఒకటి చెల్లదు. 1937 నాటి ఆయుధం పోయింది. కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ్ కాజ్రోల్కర్ చేతిలో 14 వేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయారు. 1954లో భండారా ఉపఎన్నికలోనూ అంతే. ఉన్న సీట్లలో ఓట్లన్నీ ఒకరికే వేసే పద్ధతి మళ్లీ తేవాలని 1955లో భాషాప్రయుక్త రాష్ట్రాల మీద రాసిన పుస్తకంలో వాదించారు. అదే ఏడాది ఆగస్టులో ఫెడరేషన్ రిజర్వుడు సీట్లు ఎత్తేయాలని తీర్మానించింది. ఈ తీర్మానాన్ని రిజర్వేషన్ వ్యతిరేకులు తెగ వాడుకుంటారు. అది గెలిచినవాళ్లు ఎవరి మనుషులో చూసి విసిగిన పార్టీ చేసిన తీర్మానం. 1956 డిసెంబర్ 6న ఆయన పోయారు.

1932లో ఆయన అడిగిన పంచాయతీ సీట్లు కొన్ని రాష్ట్రాల చట్టాల్లోకి అంతకుముందే వచ్చినా, రాజ్యాంగంలోకి 1992 డిసెంబర్‌లో పార్లమెంటు ఆమోదించిన 73వ సవరణతో వచ్చాయి. అరవై ఏళ్లు. వార్డులకే కాదు, సర్పంచ్ పదవులకూ రిజర్వేషన్ వచ్చింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఏకగ్రీవ పంచాయతీలకు ప్రభుత్వాలు నజరానాలు ప్రకటిస్తూ వచ్చాయి. రిజర్వుడు పంచాయతీలో ఆ ఏకగ్రీవం ఎవరి అరుగు మీద కుదిరిందో అడిగే అధికారి లేడు.

తమిళనాడు మదురై జిల్లా మేలవళవులో 1996లో దళితుడైన మురుగేశన్ పంచాయతీ అధ్యక్షుడయ్యాడు. 1997 జూన్ 30న బస్సులో వస్తుండగా ఆపి, ఆయనను, వెంట ఉన్న మరికొందరిని నరికి చంపారు. అదే జిల్లాలో పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం పంచాయతీలు దళితులకు రిజర్వయితే ఊళ్లు ఎన్నిక జరగనివ్వలేదు. ఎలాగో ఒకరు గెలిచినా వెంటనే రాజీనామా చేయాల్సి వచ్చేది. అక్కడ ఎన్నికైన దళిత అధ్యక్షులు కుర్చీలో కూర్చున్నది 2006లో.