డిచ్‌పల్లి డాక్టరమ్మ నేర్పిన ఓపిక



ఈ మధ్య నవీపేట్ వైపు ఒక గ్రామ సంఘంలో వాక్యం చెప్పి బయటికి వస్తుంటే ఒక తల్లి వేపచెట్టు కింద మా కోసం నిలబడి ఉంది. ఆమె కొడుక్కి ఇరవై నాలుగేళ్లు. రెండేళ్ల కిందట చదువు మధ్యలో ఆపేశాడు. గదిలోంచి రావడం, స్నానం చేయడం మానేశాడు. పక్కింటివాళ్లు తన మీద ఏదో కుట్ర చేస్తున్నారని గోడకు చెవి ఆనించి వినేవాడు. ఊళ్లో కొందరు బాణామతి అన్నారు, కొందరు గాలి సోకిందన్నారు. చివరికి నిజామాబాద్‌లో డాక్టరుకు చూపిస్తే స్కిజోఫ్రీనియా అని చెప్పి మందులు మొదలుపెట్టారు. ఎనిమిది నెలలుగా అబ్బాయి వేళకు తింటున్నాడు, నిద్రపోతున్నాడు, తమ్ముడితో మాట్లాడుతున్నాడు.

ఆ తల్లి అడిగింది ఒక్కటే. ప్రార్థన చేయించాం, పిల్లవాడు బాగయ్యాడు, ఇక గోలీలు ఆపేయవచ్చా అని. ఇంకా మింగుతూ ఉంటే దేవుని మీద నమ్మకం లేనట్టు అవుతుందేమోనని ఆమె భయం.

ఈ ప్రశ్న మాకు కొత్త కాదు. సేవ మొదలుపెట్టిన రోజుల్లో ఒకసారి దీనికి తప్పు జవాబు చెప్పాం. ఆ సంగతి తర్వాత ఒప్పుకుంటాం. అంతకంటే ముందు, మన జిల్లాలోనే ఈ ప్రశ్నకు తన బ్రతుకుతో జవాబు చెప్పి వెళ్లిన ఒక స్త్రీని గుర్తు చేసుకుందాం. ఆమె చూసింది వేరే రోగం. కానీ ఆ రోజుల్లో దాని చుట్టూ ఉన్న భయం, సిగ్గు, వెలి ఈనాటి మానసిక రోగం చుట్టూ ఉన్నవే.

డాక్టర్ ఇసబెల్ కెర్ 1875లో స్కాట్లాండ్‌లోని బాన్ఫ్‌షైర్‌లో ఒక రైతు ఇంట పుట్టారు. పుట్టింటి పేరు గన్. ఆడపిల్లలు వైద్యం చదవడం ఇంకా అరుదైన కాలంలో ఆమె అబర్డీన్ విశ్వవిద్యాలయంలో చదివి 1903లో వైద్య పట్టా పొందారు. అదే సంవత్సరం జార్జ్ మెక్‌గ్లాషన్ కెర్ అనే సేవకుణ్ణి పెళ్లాడారు. ఆయన వడ్రంగి పని తెలిసిన మనిషి. ఆమె చేతికి సూదిమందు, ఆయన చేతికి ఉలి. ఆ రెండూ తర్వాత మన నేల మీద అవసరపడ్డాయి.

1907లో వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున ఆ దంపతులు భారతదేశానికి వచ్చి, నిజాం పాలనలో ఉన్న నిజామాబాద్‌లో సేవకు కుదురుకున్నారు. ఆమె దగ్గరికి జ్వరాలతో, కాన్పుల కోసం, పుండ్లతో జనం వచ్చేవారు. వారితోపాటు అందరికంటే వెనుక, దూరంగా నిలబడేవారు కుష్ఠురోగులు. పెద్దరోగం అని పేరు పెట్టి ఊరు వాళ్లను వెలివేసింది. పూర్వజన్మ పాపమన్నారు, శాపమన్నారు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, బైబిలు చేతపట్టుకున్న మనవాళ్లు కూడా ఆ మాటలకు తక్కువేమీ అనలేదు.

ఆనాటికి వైద్యుల చేతిలో ఆ రోగానికి నమ్మదగిన మందు లేదు. కుదిర్చే దారి లేనప్పుడు పంపేయడం తేలిక. డాక్టరమ్మ అలా పంపేయలేకపోయారు. 1911లో నిజామాబాద్‌లో వాళ్ల కోసం ఒక చిన్న ఆశ్రయం మొదలైంది. వచ్చేవాళ్లు పెరిగారు, చోటు చాలలేదు. అప్పుడు రాజా నర్సాగౌడ్ అనే హిందూ దాత ముందుకొచ్చి విరాళమిచ్చారు. నిజాం ప్రభుత్వం సహాయం చేసింది. డిచ్‌పల్లి దగ్గర పెద్ద స్థలంలో కట్టడాలు లేచాయి. 1915లో విక్టోరియా కుష్ఠురోగుల ఆసుపత్రి తెరుచుకుంది. క్రైస్తవ మిషన్ పని, హిందూ దాత సొమ్ము, ముస్లిం పాలకుని ప్రభుత్వ సాయం. రోగి కోసం ఎవరితోనైనా కలిసి పనిచేయడానికి ఆమె వెనుకాడలేదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అయితే ఇల్లు కట్టి అన్నం పెడితే పని అయిపోయిందని ఆమె అనుకోలేదు. ఆ కాలంలో డాక్టర్ రోజర్స్, డాక్టర్ మ్యూర్ వంటివారు చాల్‌మోగ్రా జాతి గింజల నూనెను సూదిమందుగా ఇచ్చే పద్ధతిని ముందుకు తెస్తున్నారు. ఆ నూనె మన దేశ వైద్యంలో ఏనాటి నుంచో ఉన్నదే. కానీ తాగితే వాంతులయ్యేవి, ఎక్కువ కాలం ఎవరూ ఓర్చుకోలేకపోయేవారు. సూది ద్వారా ఇస్తే కొంత నయం. డాక్టరమ్మ ఆ పద్ధతి నేర్చుకుని డిచ్‌పల్లికి తెచ్చారు. అంతవరకు చావు కోసం ఎదురుచూసే చోటుగా లోకం చూసిన స్థలం, వైద్యం దొరికే చోటుగా మారింది.

ఇక్కడే మనం ఆగి చూడాలి. ఆ సూది ఒక్కసారి వేసి ఊరుకునేది కాదు. వారం వారం వేయాలి, నెలల తరబడి, ఏళ్ల తరబడి వేయాలి. వేసినచోట నొప్పి, వాపు. మచ్చ కాస్త మాయమవగానే ఇక చాలని వెళ్లిపోవాలనిపిస్తుంది. వెళ్లిపోతే రోగం తిరగబెడుతుంది. పైగా అది సంపూర్ణమైన మందు కూడా కాదు. కొందరికి బాగా పనిచేసింది, కొందరికి కొంతే. అయినా ఉన్న మందును క్రమం తప్పకుండా ఇస్తూ, రోగి విసిగిపోయిన రోజున అతని పక్కన ఉండడమే ఆమె పరిచర్య.

రోగి మంచం మీద పడి ఉండే మనిషిగా మిగిలిపోకూడదని కూడా కెర్ దంపతులు చూసుకున్నారు. చేతనైన వాళ్లు పొలంలో, తోటలో, కట్టుబడిలో పనిచేసేవారు. ప్రార్థనకు కూడేవారు, పాడేవారు. కొన్నాళ్లకు నాలుగు వందలకు పైగా మనుషులు అక్కడ ఉండేవారు. లక్షణాలు తగ్గినవాళ్లు తిరిగి తమ ఇళ్లకు వెళ్లసాగారు. ఊరు చనిపోయాడనుకున్న మనిషి తిరిగి తన గడపలో నిలబడటం ఆ తరం వాళ్లకు చిన్న సంగతి కాదు.

1923లో ఆ దంపతులిద్దరికీ ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకమిచ్చింది. పతకం వచ్చిన మర్నాడు కూడా సూదులు వేయాల్సిన వరుస అలాగే ఉంది. 1932లో డాక్టరమ్మ డిచ్‌పల్లిలోనే ప్రభువు సన్నిధికి చేరారు. ఇరవై ఐదేళ్లు ఆమె ఈ జిల్లాకిచ్చారు. అసలైన మందు డాప్సోన్ ఆ తర్వాతి దశాబ్దంలో వచ్చింది. ఆరు నెలల్లో, సంవత్సరంలో రోగాన్ని తుడిచిపెట్టే బహుళ ఔషధ చికిత్స 1982 నాటికి గానీ రాలేదు. ఆ పంట ఆమె చూడలేదు. కానీ పంట వచ్చేదాకా చేను బీడుపడకుండా కాచినవాళ్లలో ఆమె ఒకరు.

ఇప్పుడు నవీపేట్ తల్లి ప్రశ్న దగ్గరికి వద్దాం.

స్కిజోఫ్రీనియా మెదడుకు సంబంధించిన రోగం. ప్రపంచంలో సుమారు మూడు వందల మందిలో ఒకరికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. అంటే మన సంఘాల్లోనూ, మన బంధువర్గంలోనూ ఉంది. ఎక్కువగా పదిహేను దాటి ముప్పై లోపు మొదలవుతుంది. లేని గొంతులు వినిపిస్తాయి. లేని పగ కనిపిస్తుంది. తర్వాత మాట తగ్గుతుంది, ఉత్సాహం పోతుంది, మనిషి తనలోకి ముడుచుకుపోతాడు. దీన్ని సోమరితనమని ఇంట్లోవాళ్లు తిడతారు. ఇది తల్లి పెంపకంలో లోపం కాదు. ఎవరో చేసిన పాపానికి శిక్ష కాదు.

డాక్టరమ్మ కాలంలో దీనికి మందే లేదు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రొమజైన్ అనే మందు ఈ రోగులకు ఇచ్చి చూశాక దారి తెరుచుకుంది. ఇప్పుడు చాలా రకాల మందులున్నాయి. రోజూ గోలీ మింగలేని వాళ్లకు రెండు వారాలకో, నెలకో ఒకసారి వేసే సూదిమందు కూడా ఉంది. ఈ మందులు రోగాన్ని వేళ్లతో సహా పెకలించవు, అదుపులో ఉంచుతాయి. బాగున్నామని సొంతంగా ఆపేసినవాళ్లలో ఎక్కువమందికి రోగం తిరగబెడుతుంది, తిరగబెట్టిన ప్రతిసారీ కోలుకోవడం కష్టమవుతుంది. బరువు పెరగడం, చేతులు వణకడం, మత్తుగా ఉండడం వంటి ఇబ్బందులుంటే డాక్టరుకు చెప్పాలి. మోతాదు తగ్గిస్తారు, మందు మారుస్తారు. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు ఆపాలో చెప్పాల్సింది వైద్యుడు. పాస్టరు కాదు.

మేము ఇది నేర్చుకున్న తీరు చెబుతామన్నాం. చాలా ఏళ్ల కిందట బోధన్ ప్రాంతంలో ఒక చక్కెర కార్మికుని ఇంట ఉపవాస ప్రార్థనలు జరిపాం. వాళ్ల అబ్బాయి అప్పటికే మందులతో కుదుటపడుతున్నాడు. దేవుడు స్వస్థపరిచాడు, ఇక మందులెందుకని మేమే అన్నాం. రెండు నెలలకు రోగం తిరగబెట్టింది. అబ్బాయి ఇల్లు విడిచి వెళ్లిపోయాడు. మూడు వారాల తర్వాత దూరాన ఒక రైల్వే స్టేషనులో చిరిగిన బట్టలతో దొరికాడు. మళ్లీ చికిత్స మొదలైంది. కానీ అంతకుముందున్న తేట ముఖం మళ్లీ పూర్తిగా రాలేదు. ఆ తండ్రి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆదివారం ఎప్పటిలాగే వచ్చి వెనుక వరుసలో కూర్చునేవాడు. ఆయన మౌనం ఈనాటికీ మాకు పాఠమే.

ప్రార్థన మానమని మేము చెప్పడం లేదు. ప్రార్థిస్తున్నాం, ప్రార్థిస్తాం. అయితే నయమాను కథ మనకు తెలిసిందే. యొర్దానులో అతడు ఏడుసార్లు మునగాలి. ఆరోసారికి ఒడ్డెక్కి ఉంటే ఏమయ్యేది? రోజూ వేసుకునే మందును ఆ మునకల్లో ఒకటిగా ఎందుకు చూడకూడదు? లోకంలో మందును పుట్టించిన జ్ఞానం కూడా దేవుడిచ్చిందే కదా.

ప్రార్థన పేరుతో రోగిని కట్టేయడం, కొట్టడం, ఆకలికి మాడ్చడం దేవుని పని కానే కాదు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో, స్వస్థత కోసం తెచ్చి గొలుసులతో కట్టి ఉంచిన మానసిక రోగులు 28 మంది అగ్నిప్రమాదంలో కదలలేక కాలిపోయారు. అది అన్ని మతాలవారూ తలవంచుకోవాల్సిన సంగతి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. వైద్యం పొందే హక్కును అతనికిచ్చింది.

మరి సంఘం చేయగలిగిందేమిటి? డాక్టరమ్మ చేసినదే మన కొలతలో చేయవచ్చు. ఆసుపత్రికి వెళ్లాల్సిన తేదీని గుర్తుపెట్టుకుని ఒకరు తోడు వెళ్లవచ్చు, బస్సు ఛార్జీ లేని ఇంటికి అది పెట్టుకోవచ్చు. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలోనే మానసిక వైద్యం దొరుకుతుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో పెద్ద ఆసుపత్రి ఉంది. 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ వాళ్లు ఖర్చు లేకుండా ఏ వేళలోనైనా మాట్లాడతారు. రోగి చావు గురించి మాట్లాడితే రేపటికి వాయిదా వేయకండి, ఆ రోజే తీసుకెళ్లండి. కల్లుకూ గంజాయికీ దూరంగా ఉంచండి. కల్లులో మత్తుమందు కలపడం మన జిల్లాకు కొత్త కాదని అందరికీ తెలుసు.

పెళ్లి చేస్తే కుదురుకుంటాడనే మాట ఇకనైనా మానుకుందాం. రోగం దాచి చేసిన పెళ్లి ఇద్దరి బ్రతుకునూ పాడుచేస్తుంది. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో తెరిచిన మానసిక చికిత్స కేంద్రంలో రోగితోపాటు కుటుంబం కూడా ఉండే పద్ధతి పెట్టారు. ఇంటివాళ్లకు రోగం అర్థమైతేనే చికిత్స నిలుస్తుందని వారికి తెలుసు. ఆ ఇంటివాళ్లకు కూడా ఊపిరి కావాలి. వారానికి ఒక పూట మనం వెళ్లి అబ్బాయి దగ్గర కూర్చుంటే ఆ తల్లి సంతకు వెళ్లి వస్తుంది, లేదంటే కంటినిండా నిద్రపోతుంది. ఆరాధనకు ముందు చాపలు పరచడం, పాటల పుస్తకాలు పంచడం వంటి పని అతనికి అప్పగించండి. ఒక వారం రాకపోతే కోప్పడకుండా, వచ్చే వారం కోసం ఆ పని అలాగే ఉంచండి. అతన్ని పిచ్చోడని కాక పేరు పెట్టి పిలవండి.

నవీపేట్ తల్లికి మేము చెప్పిన జవాబు ఇదే. అమ్మా, గోలీ ఆపకు. గోలీ ఇచ్చే ముందు ప్రార్థన చెయ్యి, ఇచ్చాక స్తుతించు. డాక్టరు చెప్పిన తేదీకి మేమూ వస్తాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తేదీ వచ్చే నెల పన్నెండు అని చెప్పింది. మా డైరీలో రాసుకున్నాం.

ఈ జిల్లాలో ఇరవై ఐదేళ్లు విసుగులేకుండా నిలబడిన ఆ సేవకురాలి ఓపికను ప్రభువు మన సంఘాలకు దయచేయును గాక. ఆమేన్.