బర్ట్ మన్రో: ఒక బండీ, ఒక జీవితమూ

సావనీరుకు ఒక గొప్పవాడి జీవితం రాయమంటే మనలో చాలామందికి దేశనాయకులో, కవులో, శాస్త్రజ్ఞులో గుర్తుకొస్తారు. నాకు మాత్రం ఒక మోటారు సైకిలు పిచ్చాయన గుర్తుకొచ్చాడు. ఆయన ఏ యుద్ధమూ గెలవలేదు, ఏ గ్రంథమూ రాయలేదు. 1920లో కొన్న ఒక బండిని దశాబ్దాల తరబడి విప్పుతూ, బిగిస్తూ, విరగ్గొట్టుకుంటూ, మళ్ళీ చేసుకుంటూ, అరవై ఎనిమిదో ఏట దాని మీదే కూర్చుని ప్రపంచ రికార్డు కొట్టాడు. ఆయనే బర్ట్ మన్రో.

నేను అమీర్‌పేటలో రూము తీసుకుని చదువుకుంటున్నవాణ్ణి. మా ప్రాంతం సంగతి మీకు చెప్పనక్కర్లేదు. మైత్రీవనం చుట్టుపక్కల ఒక్క గోడ ఖాళీగా కనిపిస్తే ఒట్టు! ఇన్ని రోజుల్లో ఈ కోర్సు, అన్ని రోజుల్లో ఆ కోర్సు, చేరితే చాలు, ఉద్యోగం జేబులో ఉన్నట్టే. ఇటువంటి చోట ఉంటూ, ఒకే పని మీద నలభై ఏళ్ళకు పైగా కూర్చున్న మనిషి కథ వింటే ఎవరికైనా కాస్త తల తిరుగుతుంది. నాకూ తిరిగింది. అందుకే ఈ వ్యాసం.

ఆయన పూర్తి పేరు హెర్బర్ట్ జేమ్స్ మన్రో. 1899 మార్చి 25న, న్యూజిలాండ్ దేశానికి దక్షిణ కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్‌లో పుట్టాడు. కవలల్లో ఒకడు. తోడబుట్టిన ఆడపిల్ల పురిట్లోనే పోయింది. ఈ పిల్లవాడు కూడా రెండేళ్ళు దాటి బతకడం కష్టమేనని డాక్టర్లు తేల్చేశారు. ఆ లెక్క ఎంత తప్పిందో చూడండి! తండ్రిది వ్యవసాయం. ఇంట్లో ఉన్న గుర్రాల్లో అన్నిటికన్నా జోరైనదాన్ని ఎక్కి పొలాల వెంట పరిగెత్తించడం కుర్రవాడి సరదా. తండ్రి కోప్పడేవాడు, కొడుకు వినేవాడు కాదు. పల్లెలో పుట్టిన మనకు ఇది కొత్త కథేం కాదు గదా!

1920లో, ఇరవై ఒకటో ఏట, మన్రో ఒక ఇండియన్ స్కౌట్ మోటారు సైకిలు కొన్నాడు. పేరు చూసి మన దేశపు బండి అనుకునేరు! అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళో బళ్ళు చేసిన కంపెనీ పేరు ఇండియన్. 600 సి.సి. ఇంజను, రెండు సిలిండర్లు, గంటకు 55 మైళ్ళు, అంటే సుమారు 88 కిలోమీటర్ల వేగం. పనికి పోయి రావడానికి చేసిన మామూలు బండి. రేసు కోసం చేసింది కానేకాదు.

మన్రోకు ఆ వేగం చాలలేదు. కొత్త రేసు బండి కొనడానికి డబ్బు లేదు. ఇక మిగిలింది ఒకటే మార్గం: ఉన్నదాన్ని మార్చుకోవడం. 1926లో మొదలుపెట్టాడు. పగలు మోటారు సైకిళ్ళు అమ్మే ఉద్యోగం, రాత్రి గ్యారేజీలో పని. ఒక్కోసారి రాత్రంతా పనిచేసి తెల్లారాక అట్నుంచటే ఉద్యోగానికి పోయేవాడు. పెళ్ళయింది, నలుగురు పిల్లలు కలిగారు. కానీ 1947లో భార్యాభర్తలు విడిపోయారు. ఆ తరువాత ఉద్యోగమూ వదిలేసి, ఒక చిన్న షెడ్డులో బండితోనే కాపురం పెట్టాడు. ఈ మాట ఆయన్ను పొగడడానికి చెప్పడం లేదు. ఒకే పనికి జీవితం ధారపోసినవాడు కొన్ని పోగొట్టుకుంటాడు. ఆ లెక్క కూడా మనం చూడాలి.

ఇక ఆయన పనితనం. మన సనత్‌నగర్, బాలానగర్ లేతు షెడ్లలో పనిచేసేవాళ్ళు వింటే ముచ్చటపడతారు. పిస్టన్లు కావాలా? పాత డబ్బాలే అచ్చులు. లోహం కరిగించి వాటిలో పోసేవాడు. సిలిండర్లు, ఫ్లైవీళ్ళు స్వయంగా చేసుకున్నాడు. కనెక్టింగ్ రాడ్లు ఒక పాత ట్రాక్టరు ఇరుసులోంచి చేత్తో చెక్కాడు. కొలవడానికి మైక్రోమీటరు లేదు. ఒక పాత చక్రపు పుల్లనే కొలబద్దగా వాడాడు. పక్క వాల్వుల ఇంజనును పై వాల్వుల ఇంజనుగా మార్చాడు. 600 సి.సి. కాస్తా చివరికి 950 సి.సి. అయింది.

ఇదంతా ఎక్కుతూ పోయిన మెట్ల వరస అనుకోకండి. పేలిన ఇంజన్లకు లెక్కలేదు. కానీ ఆ విరిగిన పిస్టన్లనూ, కాలిన వాల్వులనూ ఆయన పారెయ్యలేదు. షెడ్డులో ఒక అర మీద వరసగా పేర్చి, అవన్నీ వేగదేవుడికి పెట్టిన నైవేద్యాలని అర్థం వచ్చేట్టు దాని మీద రాసుకున్నాడు. పైకి హాస్యమే. కానీ నాకు అది ఆయన గ్రంథాలయంలా కనిపిస్తుంది. ఏ భాగం ఎక్కడ విరిగిందో చూస్తేనే గదా, తరువాతి భాగం ఎక్కడ బలంగా ఉండాలో తెలిసేది!

ఇక్కడ మా రూము ముచ్చట కొంచెం చెప్పాలి. మెకానికల్ చదివే మేం నలుగురం డబ్బులు పోగుచేసి ఒక సెకండ్‌హాండ్ ఎక్స్‌పల్స్ 200 కొన్నాం. మట్టిదారుల్లో, గుట్టల మీద ఎగిరేందుకు పుట్టిన బండి అది. దాన్ని రోడ్డు రేసు బండిగా మార్చాలని మా పంతం. పని మొదలుపెడితేగాని మన్రోకు అన్ని ఏళ్ళు ఎందుకు పట్టాయో అర్థం కాలేదు. ఈ బండి ముందు చక్రం 21 అంగుళాలు, వెనకది 18. గుంతల మీద సాఫీగా దొర్లాలంటే పెద్ద చక్రం ఉండాలి. మంచి రేసు టైర్లు వచ్చేదేమో 17 అంగుళాల్లో. సరే, రెండు చక్రాలూ మార్చాలి. వెనక చక్రం చిన్నదైతే, ఇంజను అన్నే చుట్లు తిరిగినా బండి పోయే దూరం తగ్గుతుంది. అప్పుడు వెనక స్ప్రాకెట్టు పళ్ళు తగ్గించాలి. ముందు ఫోర్కులు 190 మిల్లీమీటర్లు కదులుతాయి. బ్రేకు గట్టిగా వేస్తే బండి ముక్కు నేలకు వంగుతుంది. పోనీ, ఫోర్కులను క్లాంపుల్లో పైకి జరిపి ముందు భాగం దించుదామా? ఫోర్కుల వాలు నిటారవుతుంది. మలుపుల్లో చురుకు వస్తుంది గానీ, వేగంలో హ్యాండిల్ నిలకడ తప్పుతుంది. వెనక భాగం కూడా అందుకు తగినంత దించాలి. ఒకదాన్ని ముట్టుకుంటే నాలుగు కదులుతాయి. రాణీగంజ్ దుకాణాల్లో ఏ భాగమైనా దొరకవచ్చు గానీ, వాటి మధ్య పొత్తు కుదర్చడం మాత్రం మనమే నేర్చుకోవాలి.

మన్రోకు ఇంకో పెద్ద శత్రువు గాలి. వేగం రెట్టింపైతే గాలిని చీల్చుకుపోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. 55 మైళ్ళ బండి 180 మైళ్ళు దాటాలంటే, ఆకారం మార్చకపోతే ముప్పై అయిదు రెట్ల శక్తి కావాలి. అంత శక్తి ఆ ముసలి ఇంజనుకు ఎక్కడిది? అందుకే బండికి పొడుగాటి నున్నని తొడుగు కట్టి, అందులో బోర్లా పడుకున్నట్టు ఒదిగి నడిపేవాడు.

1938లో న్యూజిలాండ్‌లో తొలి రికార్డు సాధించాడు. ఆ తరువాత మరో ఏడు. ఊరి దగ్గరి ఒరెటీ సముద్రతీరమే ఆయన పరుగు మైదానం. కానీ మనసంతా అమెరికాలో యూటా రాష్ట్రంలోని బాన్‌విల్ ఉప్పు మైదానం మీదే. మైళ్ళకు మైళ్ళు తెల్లగా, పలకలాగా చదునుగా పరుచుకున్న భూమి అది. 1950ల చివర్లో గుండెనొప్పి బయటపడింది. ఇంకొకరైతే పడక్కుర్చీ వేసుకునేవారు. ఈయన మాత్రం 1962లో సరుకుల ఓడలో వంటపని చేస్తూ సముద్రం దాటి, కొద్ది డాలర్లకు ఒక పాత కారు కొని, బండిని దాని వెనక తగిలించుకుని బాన్‌విల్ చేరాడు. తీరా వెళితే, ముందుగా పేరు నమోదు చేయించుకోవాలన్నారు! 1948లో అక్కడే గంటకు 150 మైళ్ళు దాటిన రోలీ ఫ్రీ వంటి మిత్రులు అడ్డం పడి ఒప్పించారు. ఆ ఏడే 178.97 మైళ్ళు, అంటే 288 కిలోమీటర్ల వేగంతో 883 సి.సి. తరగతి రికార్డు మన్రోదయింది. 1966లో ఇంకో రికార్డు. 1967లో 1000 సి.సి. లోపు తరగతిలో 183.586 మైళ్ళు, అంటే 295 కిలోమీటర్లు. బండి వయసు నలభై ఏడేళ్ళు. ఒక అర్హత పరుగులో అది 190 మైళ్ళు కూడా దాటింది.

ఆ ఏడు ఒక పరుగులో బండి అటూఇటూ ఊగడం మొదలుపెట్టింది. వేగం తగ్గించడానికి ఆయన తల పైకెత్తితే గాలికి కళ్ళద్దాలు ఎగిరిపోయాయి, ఏమీ కనిపించలేదు. ఒక ఇనుప మేకును వెంట్రుకవాసిలో తప్పించుకుని, చివరికి బండిని ఉప్పు మీద పడేశాడు. గీరుకుపోయిన గాయాలతో లేచాడు. ఎందుకు లేచాడు? ధైర్యం వల్లనా? కాదు. ఎదురుగా లారీ లేదు, డివైడరు లేదు, రోడ్డు దాటుతున్న ముసలమ్మ లేదు కాబట్టి లేచాడు.

ఈ మాట గట్టిగా అనడానికి కారణం ఉంది. మా నలుగురిలో ఒకడు, బండి తయారయ్యాక అర్ధరాత్రి పంజగుట్ట ఫ్లైఓవర్ మీద ఒక్కసారి లాగి చూద్దామన్నాడు. ఆ వేళప్పుడు అక్కడ ఎట్లాంటి బళ్ళు తిరుగుతాయో, మిగిలినవాళ్ళను అంబులెన్సు ఎట్లా మోసుకుపోతుందో మా రూము వాళ్ళందరికీ తెలుసు. మా సీనియరొకడు ఆ దిగుడులోనే పడి, సంవత్సరం చదువూ, ఒక మోకాలూ పోగొట్టుకున్నాడు. నేను వాదన పెట్టుకోలేదు. మన్రో కథ చెప్పాను. అంత పిచ్చివాడు కూడా అసలు పరుగు కోసం సముద్రం దాటి ఖాళీ భూమి వెతుక్కున్నాడు. మనకు చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టై ట్రాకు ఉంది, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే ఉంది. పైగా ఆర్.సి.లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చి రోడ్డెక్కించడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదు. కాబట్టి మా బండి ట్రాకు దాకా ట్రాలీలోనే పోతుంది. వాడు ఒప్పుకున్నాడు. ఈ ముసలాయన మాకు చేసిన అసలు ఉపకారం అదే.

మన్రో 1978 జనవరి 6న, డెబ్భై ఎనిమిదో ఏట, తన ఊళ్ళోనే కన్నుమూశాడు. బళ్ళు బయటికి పోకూడదని ముందే ఊరి వ్యాపారి ఒకరికి అమ్మాడు. 2005లో ఆయన మీద సినిమా వచ్చింది. ఆంథొనీ హాప్కిన్స్ ఆయన వేషం వేశాడు. అన్నిటికన్నా నాకు నచ్చినది 2014 నాటి సంగతి. అక్కడ ఎదురెదురు దిశల్లో రెండు పరుగులు తీయించి సగటు కడతారు, గాలివాటం లెక్కలోకి రాకుండా. 1967 నాటి ఆ సగటు కట్టడంలో పొరపాటు జరిగిందని ఆయన కొడుకు జాన్ కనిపెట్టాడు. అమెరికా మోటారు సైకిలు సంఘం లెక్క సరిచేసి, రికార్డును 184.087 మైళ్ళుగా ప్రకటించింది. పోయిన ముప్పై ఆరేళ్ళకు మనిషి వేగం పెరిగింది!

చివరగా మన స్టూడెంట్స్ యూనియన్‌కు ఒక మనవి. కాలేజీ వర్క్‌షాపులో ఒక మూల అర ఖాళీ చేయించండి. ఈ ఏడాది మనం విరగ్గొట్టిన గేర్లు, షాఫ్టులు, పిస్టన్లు అన్నీ దాని మీద పెడదాం. ఒక్కొక్కదాని కింద అది ఎందుకు విరిగిందో రెండు వాక్యాలు రాద్దాం. వచ్చే ఏడు చేరే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ అంతకన్నా మంచి పాఠ్యపుస్తకం మనం ఇవ్వలేం.